భాల్కి విజ్ఞాన విద్యార్థులు: రాజధాని కర్తవ్యము

వికారాబాదునుండి పర్లికి పోవు రైలుమార్గమున జహీరాబాదును, బీదరును దాటిన పిమ్మట భాల్కి వచ్చును. పాతకోటయు, హిరేమఠమును, చుట్టును కందిచేలును, చెరకుతోటలును గల యీ తాలూకా కేంద్రము మన పాఠకులలో ననేకులకు రైలుపట్టికలోని యొక పేరు మాత్రమే. కాని 1956వ సంవత్సరము నవంబరు 1వ తేదీవరకు భాల్కికిని రాజధాని హైదరాబాదే. ఆ దినమున బీదరు జిల్లా మూడు భాగములయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు తాలూకాలు తెలుగు రాష్ట్రమున చేరెను. ఉదగీరు, అహమ్మదుపూరు, నీలంగ తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకు పోయెను. బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు తాలూకాలు మైసూరు రాష్ట్రమున కలిసెను.

ప్రజల భాషలో పరిపాలన జరుగవలెనన్న కోరిక న్యాయమైనది. ఆ విభజనను గూర్చి మాకు విచారము లేదు. కాని పటముమీద గీత మారినంతనే దూరములు మారవు. భాల్కినుండి బెంగుళూరు దాదాపు 700 కిలోమీటర్లు. హైదరాబాదు 200 కిలోమీటర్లకు లోపు. బీదరు ప్రాంతమున చదువుకొన్న పిల్లవానికి మిక్కిలి సమీపముననున్న పెద్ద ప్రయోగశాలలు నేటికిని మన నగరములోనివే. ఆ పిల్లవానికి వానిని గూర్చి తెలియునా? తెలిసినను తలుపు తట్టు విధము తెలియునా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారిలో మనమును ఉన్నామని మా అభిప్రాయము.

మిగిలిన చదువు

పల్లెటూళ్ళలోను, చిన్న పట్టణములలోను బి.యస్సి. చదువునకు నేడున్న స్థితి యెట్టిదో పాఠకులకు మేము వర్ణింపనక్కరలేదు. వైద్యకళాశాలలో చోటు దొరకనివాడు, ఇంజనీరింగునకు రుసుము కట్టలేనివాడు చేరునది బి.యస్సి. అని లోకము నిర్ణయించినది. బంధువులు అడుగు మొదటి ప్రశ్న, "బి.యస్సి. తరువాత ఏమి?" అనునది. దానికి కళాశాలలో దొరకు సమాధానము సాధారణముగ నొక్కటే: "బి.యెడ్. చేయుము; లేనిచో పోటీపరీక్షలు వ్రాయుము." ఉపాధ్యాయవృత్తిని మేము తక్కువగ జూచువారము కాము. మంచి ఉపాధ్యాయుడు లేనిదే మంచి శాస్త్రజ్ఞుడు లేడు. కాని పది మార్గములు తెలిసి ఒకదానిని వరించుట వేరు. ఒకటే తెలిసి దానియందు పడుట వేరు.

భాల్కికి విద్యాలయముల కొరత యున్నదని చెప్పుటకు వీలులేదు. నేడు భీమణ్ణ ఖండ్రే పేరుగల సాంకేతిక కళాశాల 1982లోనే గ్రామీణ ఇంజనీరింగు కళాశాలగా నచట వెలసినది. గుల్బర్గా విశ్వవిద్యాలయము 1980లో నేర్పడినది. 2023లో బీదరునకే ప్రత్యేక విశ్వవిద్యాలయము వచ్చినది. పశువైద్య, మత్స్యశాస్త్రములకు కర్ణాటక రాష్ట్రమంతటికిని కేంద్రమైన విశ్వవిద్యాలయము 2004 నాటి చట్టముచే బీదరుననే నెలకొన్నది. రాజ్యాంగమునకు చేసిన 98వ సవరణచే 371-జె అధికరణము వచ్చి, పూర్వపు హైదరాబాదు-కర్ణాటక జిల్లాల విద్యార్థులకు తమ ప్రాంతపు ఉన్నతవిద్యాలయములలో నూటికి 70, తక్కిన కర్ణాటకమున నూటికి 8 వంతున చోట్లు ప్రత్యేకింపబడినవి. ప్రభుత్వోద్యోగములయందును స్థానికులకు వాటా యున్నది.

అట్లయిన లోపమెచ్చట? బుద్ధియందు కాదు, కట్టడములందు కాదు, నిధులయందును పూర్తిగ కాదు. వార్త సకాలమున చేరకుండుటయు, చేరిన వార్తను వివరించి వెన్నుతట్టువాడు లేకుండుటయు నసలైన లోపములు. పెద్ద నగరముల కళాశాలలో నొక విద్యార్థి తన పైతరగతివానివలన కాఫీహోటలులో వినెడి సంగతి, భాల్కి విద్యార్థికి గడువు తీరిన మూడు నెలలకు తెలియుచున్నది. ఆ మూడు నెలల యాలస్యము ఒక జీవితపు దిశను మార్చివేయ గలదు.

తరగతి వెలుపలి విజ్ఞానము

"ముందు పరీక్ష ప్యాసుకానిమ్ము, తక్కిన వ్యాసంగములు తరువాత చూచుకొందువు గాని" అని తల్లిదండ్రులు చెప్పుదురు. లోకజ్ఞానముచే చెప్పిన మాటయే గాని, విజ్ఞానశాస్త్రముల విషయమున నిది సగము సత్యము మాత్రమే. భారతదేశమున నాధునిక విజ్ఞానము పెరిగిన చరిత్రలో మంచి భాగము నిర్ణీత పాఠములకు వెలుపలనే జరిగినది.

చంద్రశేఖర వేంకటరామన్ 1907లో మద్రాసున ఎం.ఏ. పరీక్షయందు కృతార్థుడై కలకత్తాలో ఆర్థికశాఖ యుద్యోగమున చేరెను. అచట మహేంద్రలాల్ సర్కారు 1876లో స్థాపించిన విజ్ఞాన పరిషత్తు ఆతని కంటబడెను. కచ్చేరికి పోవుటకు ముందును, కచ్చేరి వదలిన తరువాతను, దాదాపు పదియేండ్లు ఆయన యా ప్రయోగశాలలో శ్రమించెను. 1917లో ఆచార్యపదవికై సర్కారు కొలువును విడిచెను. 1928లో తన పేరు ధరించిన ఫలితమును కనుగొనెను. 1930లో నోబెలు బహుమానము నందెను. ఆ మొదటి పది సంవత్సరముల కృషి యే పట్టమునకును చదివినది కాదు, ఏ జీతమునకును చేసినది కాదు.

మన హైదరాబాదుకు చెందిన ఉదాహరణము మరియొకటి కలదు. కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతము నిజాం కళాశాలలో చదివి, 1928లో నిరువదియేండ్లైనను నిండకమునుపే కలకత్తాకు పోయి రామన్ వద్ద శిష్యుడయ్యెను. తరువాత నాంధ్ర విశ్వవిద్యాలయమున నాచార్యుడుగను, ఉస్మానియాకు నుపాధ్యక్షుడుగను, బెంగుళూరు విజ్ఞానసంస్థకు నిర్దేశకుడుగను, రక్షణశాఖకు విజ్ఞాన సలహాదారుగను పనిచేసెను. ఆ యువకుడు పట్టము చేతబట్టుకొని యింటనే యుద్యోగపు ప్రకటనలకై యెదురుచూచినచో ఈ చరిత్ర వేరుగ నుండెడిది. గొప్ప గురువున్న చోటు తెలిసికొని పయనమైపోవుటయే ఆతడు చేసిన ముఖ్యకార్యము.

అంతకు పూర్వమే 1901లో నవాబు జఫర్ జంగు స్వంత యభిరుచిచే దూరదర్శనిని తెప్పించి హైదరాబాదున వేధశాలను నెలకొల్పెను. అది నిజామియా వేధశాలయై, 1908లో ప్రభుత్వపరమై, ఆకాశపటము నిర్మించుటకై నానా దేశముల వేధశాలలు చేపట్టిన మహాకార్యమున పాల్గొని ఏడు లక్షలకు పైగా నక్షత్రముల స్థానములను నిర్ణయించినది. ఒక వ్యక్తి వినోదముగ మొదలైనది లోకమునకు పనికివచ్చు విద్యగ పరిణమించినది.

ఈ యుదాహరణములను మేము చెప్పుట ప్రతి విద్యార్థియు రామన్ కావలెనని కాదు. పాఠ్యపుస్తకములో నున్నది ఇతరులు కనుగొనిన సమాధానము. విజ్ఞానము ప్రశ్నతో నారంభమగును. ఆ ప్రశ్న వేయు నలవాటు తరగతి వెలుపలనే పట్టువడును. పరిశోధనాలయములవారు విద్యార్థిని ప్రశ్నించునపుడు మార్కుల కాగితమును జూచిన తరువాత, "నీ యంతట నీవు ఏమి చేసితివి?" అని యడుగుట అందుచేతనే.

భాల్కియే ప్రయోగశాల

"మా యూర ఏమున్నది చేయుటకు?" అని భాల్కి విద్యార్థి యడుగవచ్చును. ఉన్నది, ఇతరులకు లేనిది యున్నది.

బీదరు పేరు లోకమున నిలిపిన బిద్రీ పనిని చూడుడు. తుత్తునాగమున కొంచెము రాగిని కలిపి కరగించి పోతపోసి, తీగెలుగాను రేకులుగాను వెండిని పొదిగి, తుదకు పాతకోటలోని మట్టిని నవసాగరముతో కలిపి పూయుదురు. మూల లోహము నల్లబడును. వెండి తెల్లగనే మెరయుచుండును. రెండు లోహములలో నొకటి నల్లనై రెండవది యేల మారలేదు? ఏ మట్టియైనను చాలునా? కోటమట్టియందలి విశేష మెట్టిది? ఆ ద్రావణమున నామ్లత యెంత? ఈ ప్రశ్నలకు కళాశాలలోని సామాన్య పరికరములతోనే కొంతవరకు సమాధానము వెదకవచ్చును. రసాయనశాస్త్రము చదువు నలుగురు పిల్లలు బిద్రీ పనివారి వద్ద కూర్చుండి వారు చెప్పునది వ్రాసికొని, నాలుగు చోట్ల మట్టిని తెచ్చి పోల్చిచూచిన నది యొక చక్కని పరిశీలన మగును. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన యీ కళకును దానివలన మేలు కలుగును.

బీదరు నౌబాదులో బహమనీ సుల్తానుల నాటి భూగర్భ జలమార్గము కలదు. కారేజు అని దానికి పేరు. ఎగువ భూమిలోని నీటిని వాలుగల సొరంగముద్వారా పల్లమునకు తెచ్చు విద్య పారసీక దేశమునుండి వచ్చినది. ఎఱ్ఱని జంబిట్టరాతి నేల నీటిని పీల్చి లోన నెట్లు దాచుకొనునో తెలిసినగాని అట్టి నిర్మాణము సాధ్యముకాదు. భాల్కి తాలూకాలోనే కారంజా జలాశయమున్నది. నల్లరేగడియు జంబిట్టనేలయు పక్కపక్కన నుండు జిల్లా యిది. ఒక త్రాడు, ఒక రాయి, ఒక కొలబద్ద చేతనున్న చాలును: నెలకొకసారి పది బావులలో నీటిమట్టమును కొలిచి తేదీతో వ్రాసి యుంచిన యెడల రెండేండ్లలో నమూల్యమైన పట్టిక సిద్ధమగును. భూగర్భశాస్త్రము చదువువానికి నది ప్రవేశపత్రము వంటిది; వ్యవసాయదారునికి బోరుబావి త్రవ్వుటకు ముందు పనికివచ్చు సమాచారము.

జీవశాస్త్ర విద్యార్థులకు బీదరు పొలములలో తిరుగు కృష్ణజింకలున్నవి, జలాశయమునకు వచ్చు పక్షులున్నవి. ప్రతి ఫిబ్రవరి మాసమున ప్రపంచమంతట నొకేసారి జరుగు పెరటిపక్షుల గణనలో పదునైదు నిముషములు కూర్చుండి లెక్కించు నెవరైనను పాల్గొనవచ్చును. గణితము చదువువానికి బజారులోని కంది ధరల పట్టికయే గణాంకశాస్త్రమున తొలిపాఠము. కర్ణాటకమున 1980నుండి రాజ్య విజ్ఞాన పరిషత్తును, తెలుగుదేశమున 1988నుండి జనవిజ్ఞానవేదికయు ప్రజలలో శాస్త్రదృష్టిని పెంచుటకు పాటుపడుచున్నవి. 1969లో నారంభమైన జాతీయ సేవాపథకము ప్రతి కళాశాలకును సుపరిచితమే. వీధులూడ్చుటతో నాగక, ఆ సేవాదినములలో గ్రామపు త్రాగునీటిని పరీక్షించిన యెడల సేవయు నెరవేరును, శాస్త్రమును పట్టుపడును.

తెరచియున్న ద్వారములు

ఇక దేశమున విజ్ఞాన విద్యార్థులకై యేర్పడిన యవకాశములను కొన్నింటిని, కాలక్రమమును గమనించుచు చెప్పెదము.

కేంద్రప్రభుత్వము 2008లో నారంభించిన ఇన్‌స్పైర్ పథకము క్రింద, పండ్రెండవ తరగతి పరీక్షలో తమ బోర్డున నూటికి నొక్కరి లెక్కను పైవరుసన నిలిచి, శుద్ధవిజ్ఞానములలో బి.యస్సి. చేరినవారికి ఏటికి 80,000 రూపాయల వేతనము ఏర్పరుపబడినది. అందు 60,000 విద్యార్థి ఖర్చులకు, 20,000 వేసవిలో నొక పరిశోధకుని వద్ద చేయు పనికి. దీనికి దరఖాస్తు చేయవలసినది మొదటి సంవత్సరముననే. మొదటి సంవత్సరము గడచిన ఆ ద్వారము మూసికొన్నట్లే. 1999లో మొదలైన కిశోర విజ్ఞాన ప్రోత్సాహన యోజన 2022లో నిలిచిపోయి దీనియందు లీనమైనది గనుక, ఇపుడు దీనిని గూర్చి తెలిసికొనుట మరింత యవసరము.

సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఐ.ఐ.టి.లలో ఎం.యస్సి. ప్రవేశమునకు జరుగు 'జామ్' పరీక్షకు దరఖాస్తులు తీసికొందురు. పరీక్ష ఫిబ్రవరిలో జరుగును. దానికి వయఃపరిమితి లేదు. ఆ యొక్క పరీక్షద్వారా ఐ.ఐ.టి.లలో దాదాపు మూడు వేల చోట్లకు మార్గమేర్పడుచున్నది. ఇంజనీరింగు ప్రవేశపరీక్షలో నోడిన పిల్లవాడు మూడేండ్ల తరువాత నదే సంస్థలో విజ్ఞాన విద్యార్థిగ తలయెత్తుకొని ప్రవేశింపవచ్చునను సంగతి చిన్న పట్టణములలో నెందరికి తెలియును?

శీతకాలపు టారంభమున దేశములోని మూడు విజ్ఞాన పరిషత్తులు కలిసి వేసవి పరిశోధన వేతనములకు దరఖాస్తులు కోరును. ఎన్నికైనవారు రెండు నెలలు ఒక ప్రసిద్ధ శాస్త్రజ్ఞుని వద్ద పనిచేయుదురు. ఇందు గమనింపదగిన విశేషమేమన, ఇది విద్యార్థులకే గాక కళాశాల యుపన్యాసకులకును తెరచియున్నది. ఒక విద్యార్థి పోయివచ్చిన నొక జీవితము మారును; ఒక యుపన్యాసకుడు పోయివచ్చిన నిరువదియేండ్ల తరగతులు మారును.

బొంబాయిలోని హోమీ భాభా విజ్ఞానవిద్యా కేంద్రము 2004 నుండి పట్టవిద్యార్థులకు శిబిరములు నడుపుచు, వారిలో కొందరిచే చిన్న పరిశోధనలు చేయించుచున్నది. భౌతికశాస్త్ర విద్యార్థినులకు ప్రత్యేకముగ విజ్ఞాన విదుషి యను తరగతులును అచటనే నడచినవి. భౌతికశాస్త్రోపాధ్యాయుల సంఘము జరుపు పట్టస్థాయి పరీక్ష సాధారణముగ జనవరిలో నుండును. టాటా పరిశోధనాసంస్థ వేసవి శిష్యులకై పిలుపు సంవత్సరారంభముననే వచ్చును.

మన నగరములోని వానిని చూతము. 1944లో హైదరాబాదు ప్రభుత్వము నెలకొల్పిన ప్రయోగశాలలే నేడు రసాయన సాంకేతికసంస్థయైనవి. భూభౌతిక పరిశోధనాలయము 1961లోను, కణజీవశాస్త్ర కేంద్రము 1977లోను ఏర్పడినవి. పోషకాహారసంస్థ కూనూరునుండి 1958లో నిచటికి వచ్చినది. కేంద్రీయ విశ్వవిద్యాలయము 1974 నాటిది. విజ్ఞాన పారిశ్రామిక పరిశోధన మండలి తన స్థాపన దినమైన సెప్టెంబరు 26ను పురస్కరించుకొనియు, జాతీయ విజ్ఞాన దినమైన ఫిబ్రవరి 28ని పురస్కరించుకొనియు ప్రయోగశాలల ద్వారములను విద్యార్థులకు తెరచు నాచారమున్నది. ఆ దినములలో నగరపు పాఠశాలల పిల్లలు బారులు తీరి వచ్చుట పాఠకులు చూచియుందురు. 200 కిలోమీటర్లైనను లేని దూరమునుండి భాల్కి పిల్లలును ఆ బారులలో నిలుచుట యసాధ్యమా?

జీవనోపాధి

విద్య విద్యకొరకే యని సుఖముగ నున్నవారు చెప్పవచ్చును. కాని భాల్కిలో నాలుగెకరముల కందిచేను గల తండ్రికి కుమారుని సంపాదన యెప్పుడు మొదలగునన్నది గడువులు గల ప్రశ్న. దానికి సూటియైన సమాధానము చెప్పవలెను.

ఎం.యస్సి. తరువాత 'నెట్' పరీక్షలో పరిశోధనవేతనము పొందినవారికి 2023 జనవరి 1 నుండి మొదటి రెండేండ్లు నెలకు 37,000, తరువాత 42,000 రూపాయలు నిర్ణయింపబడినవి. అనగా పరిశోధన విద్యార్థి తండ్రిమీద నాధారపడువాడు కాడు. భాభా అణుకేంద్రపు శిక్షణాలయము 1957 నుండి ఇంజనీర్లతోబాటు భౌతిక, రసాయన, జీవశాస్త్రముల పట్టభద్రులను చేర్చుకొని శాస్త్రజ్ఞులుగ తీర్చుచున్నది. కేంద్ర లోకసేవాసంఘము జరుపు భూవిజ్ఞాన పరీక్షద్వారా భూగర్భశాస్త్రజ్ఞులును, భూభౌతికులును, రసాయనికులును ఎన్నికగుచున్నారు. భారత గణాంకసేవలో గణాంకశాస్త్రము చదివినవారికే ప్రవేశము. భారత అటవీసేవకు వృక్ష, జంతు, రసాయన, భౌతిక, భూగర్భ, గణిత, గణాంకశాస్త్రములలో నొకదానితోనో, లేక వ్యవసాయ, ఇంజనీరింగు వంటి విద్యలతోనో పట్టభద్రుడైయుండవలెను. కళాశాఖవారికి లేని యర్హత సామాన్య బి.యస్సి. వానికున్నది. బీదరు వైమానిక స్థావరమునుండి లేచు శిక్షణ విమానములు ప్రతిదినము ఆ ప్రాంతపు టాకాశమున ధ్వనించుచుండును. వానిని నడపు కొలువునకును, పండ్రెండవ తరగతిలో గణిత భౌతికములు చదివి తగిన మార్కులతో పట్టభద్రులైన బి.యస్సి. విద్యార్థులు, యువకులేమి యువతులేమి, పోటీపడవచ్చును.

ప్రభుత్వోద్యోగమే గమ్యమనుకొనువారికి మరియొక మాట. భాల్కినుండి బస్సులో నగరమునకు వచ్చు విద్యార్థి పటాన్‌చెరువు మీదుగనే వచ్చును. ఔషధముల కర్మాగారములు ఆ దారిపొడవున నున్నవి. నాణ్యతాపరీక్షలకు రసాయనశాస్త్ర పట్టభద్రులు వారికి నిత్యము కావలెను. అయితే పరికరమును చేతబట్టి చూడని పట్టభద్రునకు నచట నారంభ వేతనము స్వల్పముగనే యుండును. కళాశాలలో మీటనొక్కి చూచిన యంత్రమెన్ని యన్నదానిపై ఆతని విలువ నిర్ణయమగుచున్నది. వేసవిలో రెండు నెలలు ఒక మంచి ప్రయోగశాలలో గడపినవానికిని, గడపనివానికిని భేదమిచటనే తెలియును. కావున పాఠ్యేతర వ్యాసంగములు విలాసములు కావు. బీదవిద్యార్థికే యవి మఱింత యావశ్యకములు.

భాష, భయము

అవరోధములను దాచుట మంచిది కాదు. బీదరు జిల్లాలో కన్నడము, మరాఠీ, ఉర్దూ, తెలుగు ఒకే వీధిలో వినబడును. నిజాము కాలమున బయట నుర్దూ పలక వ్రేలాడదీసి లోపల కన్నడము బోధింపించిన భాల్కి హిరేమఠాధిపతి చెన్నబసవ పట్టదేవరుల కథ ఆ ప్రాంతమున నింటింట చెప్పుకొందురు. మాతృభాషలో చదువుటకై పడిన యా శ్రమ వృథా కారాదు. కాని తల్లిభాషలో పదవ తరగతివరకు చదివిన పిల్లవాడు బి.యస్సి.లో నొక్కసారిగ నింగ్లీషు పుస్తకముల నెదుర్కొనవలసి వచ్చుచున్నది. పై చెప్పిన పరీక్షలలో ననేకము లింగ్లీషుననే జరుగును. దరఖాస్తులో "నీ యాసక్తిని రెండువందల మాటలలో వివరింపుము" అన్నచోట నెంతటి తెలివిగలవాని కలమైనను నాగిపోవును.

విజ్ఞానము దేశభాషలో చెప్ప వీలుకాదను వాదమును హైదరాబాదే ఖండించినది. 1917లో నేర్పడిన అనువాదశాఖ శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా మూడు దశాబ్దములు వానితో బోధించెను. ఆ భాష సంస్థానమున నత్యధికుల భాష కాకుండుట దాని లోపము. సాధ్యమని నిరూపించుట దాని ఘనత. అంతకుముందే 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు ఈ నగరముననే విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి తెలుగున చరిత్రను, శాస్త్రమును ప్రజల ముంగిటికి తెచ్చిరి. ఇపుడు కావలసినది, భావమును తల్లిభాషలో గ్రహింపజేసి, దరఖాస్తును ఇంగ్లీషులో వ్రాయుటకు చేయూత నిచ్చు మధ్యవర్తి.

ఆడపిల్లల విషయమున భయము రెండింతలు. రెండు నెలలు పరాయి యూర నెచట నుండును, ఎవరు చూతురు అను తల్లిదండ్రుల ప్రశ్న సహేతుకము. దానిని మూఢత్వమని నిందించుటకంటె, నమ్మదగిన నివాసమును చూపుట మేలు.

మనము చేయదగినది

మా పాఠకులలో శాస్త్రజ్ఞులున్నారు, వైద్యులున్నారు, ఇంజనీర్లున్నారు, ఔషధ కర్మాగారముల యధికారులున్నారు. మేము వారిని విరాళములు కోరుట లేదు. ఏడాదికి కొన్ని దినములు కోరుచున్నాము.

ఒకటి: పైన చెప్పిన గడువులను నెలవారీగ నొక్క కాగితముమీద ఇంగ్లీషు, కన్నడము, తెలుగు, ఉర్దూలలో వ్రాసి భాల్కి కళాశాలల గోడలకు పంపుట. అంతర్జాలమున నంతయు నున్నదందురు. ఉన్నది; కాని యేమి వెదకవలెనో తెలియనివానికి అది చీకటి కొట్టు. రెండు: సెప్టెంబరు 26నకు, ఫిబ్రవరి 28నకు నొక బస్సు పిల్లలను నగరమునకు రప్పించి, భోజనము పెట్టి, ప్రయోగశాలలు చూపి పంపుట. మూడు: వేసవిలో నిచట పనిచేయ వచ్చువారికి, ముఖ్యముగ విద్యార్థినులకు, రెండు నెలలు నివాసము చూపుట. నాలుగు: ఒక్కొక్కరు ఏటికి ముగ్గురి దరఖాస్తులను చదివి తప్పులు దిద్దుట. అయిదు: అచటి యుపన్యాసకులను గౌరవముతో నాహ్వానించి మన ప్రయోగశాలలలో కొన్ని దినములు గడపనిచ్చుట. ఇందేదియు శాసనసభ యనుమతి కోరునది కాదు.

"మన నారాయణఖేడు, జహీరాబాదు కళాశాలలే యిట్లుండగా, వేరు రాష్ట్రపు భాల్కి మనకెందుకు?" అని కొంద రడుగుదురు. న్యాయమైన ప్రశ్న. భాల్కికి పంపు కాగితమునే నారాయణఖేడుకును, జహీరాబాదుకును పంపవచ్చును. 1956కు పూర్వము అవి మూడును ఒకే జిల్లా. నేటికిని వాని కష్టమొక్కటే. ఒకరికి చేసినది ఇంకొకరికి తగ్గదు. పైగా 1472లో మహమూదు గవాను బీదరున విద్యాలయమును కట్టించినపుడు దూరదేశముల పండితులచటికి వచ్చిరి. ఆనాడు విద్యకై బీదరునకు పోయిరి. ఈనాడు బీదరు పిల్లలు విద్యకై మన వైపు చూచుచున్నారు.

కారంజా నది మంజీరలో కలియును. మంజీర నీటిని మన నగరము దశాబ్దములుగ త్రాగుచున్నది. కొళాయి త్రిప్పినపుడు ఆ నీరు ఏ రాష్ట్రమునుండి వచ్చినదని మనమడుగుట లేదు. రాబోవు సెప్టెంబరు 26వ తేదీన భాల్కి విద్యార్థులు నలువదిమంది మన ప్రయోగశాలల యెదుట నిలిచిన యెడల, వారిని లోనికి తోడ్కొనిపోవుటకు మనలో నలుగురైనను వాకిట నుండవలెనని మేము కోరుచున్నాము.